సముద్రంలోకి బోటు దిగేముందు రక్షణ సామాను ఎలా సిద్ధం చేసుకోవాలి?

నిజాంపట్నం, గిలకలదిండి రేవుల నుంచి చేపల బోట్లు నడిపే సరంగులూ, విజయవాడ, గుంటూరుల్లో ఉంటూ అక్కడి బోట్ల మీద పెట్టుబడి పెట్టిన యజమానులూ మళ్లీ మళ్లీ అడిగేవి మూడు ప్రశ్నలు. డాట్ (ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపే సెట్టు) ఉంది కదా, జాకెట్లు కూడా కొనాలా? ఆపద సంకేతపు రాకెట్ ఎప్పుడు కాల్చాలి? అసలు ఎంత సామాను ఉంటే సరిపోతుంది?

మూడింటికీ ఒకటే కొలత పెట్టుకోండి. చీకట్లో, తడి చేతులతో, ఒక్క నిమిషంలో ఆ వస్తువు అంది పనిచేయాలి. అలా పనిచేయకపోతే అది ఎంత ఖరీదైనదైనా మీ బోటులో లేనట్టే లెక్క. ఐస్ పెట్టెల కింద సంచిలో కట్టేసి ఉన్న పది జాకెట్ల కన్నా ఒంటి మీదున్న ఒక్క జాకెట్ మేలు.

ఇక్కడి లెక్కలు ఎనిమిది మందితో అయిదారు రోజులు వేటకు వెళ్లే 10–15 మీటర్ల మర బోటుకు. నలుగురు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే ఫైబర్ పడవకు ఏం తగ్గించొచ్చో ఆయా చోట్ల ఉంది.

ఏ ప్రమాదానికి సిద్ధపడాలి

తుపాను భయం అందరికీ ఉంది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనను ఈ తీరంలో ఎవరూ మరిచిపోలేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అయితే తుపానుకు రెండు మూడు రోజుల ముందే కబురు అందుతుంది. కబురు లేకుండా వచ్చేవాటికే ఎక్కువ సిద్ధపడాలి: రాత్రి ఒక మనిషి నీళ్లలో పడిపోవడం, అడుగున పైపు ఊడి నీళ్లు రావడం, ఇంజన్ ఆగి గాలికి కొట్టుకుపోవడం, చీకట్లో ఓడ గుద్దడం, గ్యాస్ అంటుకోవడం, మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర అలకు బోటు తిరగబడటం. కింద రాసిన సామాను, పని అంతా ఈ ఆరింటి కోసమే.

కావలసినవి

- లైఫ్ జాకెట్లు 9 (ఎనిమిది మందికి, ఒకటి అదనం). ప్రతి దానికీ విజిల్, నీళ్లలో వెలిగే చిన్న దీపం.
- లైఫ్ బాయ్ రింగులు 2. ఒకదానికి 30 మీటర్ల తేలే తాడు, రెండో దానికి దీపం.
- డాట్ 1. అధికారిక పత్రాల్లో దీని పేరు డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్.
- 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు 1, నీళ్లు చొరని 5 వాట్ల చేతి సెట్టు 1.
- స్థోమత ఉంటే, బోటు మునిగినా ఉపగ్రహానికి ఆపద కబురు పంపే 406 మెగాహెర్ట్జ్ ఈపీఐఆర్‌బీ 1.
- ఎర్ర పారాచూట్ రాకెట్లు 4, చేతి ఫ్లేర్లు 6, నారింజ పొగ డబ్బాలు 2.
- కరెంటు పంపులు 2, చేతి పంపు 1, గట్టి బకెట్లు 2.
- అడుగున ఎన్ని రంధ్రాలుంటే అన్ని చెక్క బిరడాలు, సుత్తి, పాత ట్యూబు రబ్బరు, నీళ్లలో గట్టిపడే ఎపాక్సీ ముద్ద.
- 6 కిలోల ఏబీసీ పొడి ఫైర్ సిలిండర్లు 2.
- రాడార్ రిఫ్లెక్టర్, దిక్సూచి, చేతి జీపీఎస్, నీళ్లు చొరని టార్చిలు 3, చిన్న అద్దం.
- లంగరు, సీ యాంకర్ (నీళ్లలో గొడుగులా తెరుచుకుని బోటు కొట్టుకుపోవడాన్ని తగ్గించేది).
- తాగునీరు మనిషికి రోజుకు 3 లీటర్లు, దాని మీద రెండు రోజుల అదనం. అయిదు రోజుల వేటకు 120 లీటర్లు, అదనంగా 48.
- మందుల పెట్టె.

ఫైబర్ పడవకైతే ఒక రాకెట్ జత, మూడు ఫ్లేర్లు, ఒక పంపు, ఒక బకెట్ చాలు. జాకెట్లు, డాట్, చేతి వీహెచ్‌ఎఫ్ మాత్రం తగ్గించకండి.

ఎక్కడ కొనాలి అంటే, పంపులు, కేబుళ్లు, బ్యాటరీలు విజయవాడ ఆటోనగర్‌లోనే దొరుకుతాయి. ఫైర్ సిలిండర్లు నింపేవాళ్లు రెండు ఊళ్లలోనూ ఉన్నారు. రాకెట్లు, ఫ్లేర్లు మాత్రం ఓడలకు సామాను అమ్మే షాపుల్లో, అంటే విశాఖ లాంటి రేవుల్లోనే తీసుకోండి. అక్కడి నుంచి వాటిని రైల్లో తేవొద్దు. పేలుడు సామగ్రి కాబట్టి ప్రయాణికుల బండిలో నిషేధం. షాపువాళ్లనే పంపమనండి.

1. బయల్దేరాలా వద్దా తేల్చుకోండి

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) అలల సూచన, వాతావరణ శాఖ మత్స్యకారుల హెచ్చరిక, రేవులో ఎగరేసిన ప్రమాద హెచ్చరిక నంబరు. బయల్దేరే రోజు పొద్దున ఈ మూడూ చూడాలి.

నంబర్ల విషయంలో ఒక పెద్ద పొరపాటు జరుగుతోంది. "ఒకటో నంబరే కదా, మూడు ఎగిరితే చూద్దాం" అనుకుంటారు. 1, 2 నంబర్లకు అర్థం రేవుకు ఇప్పట్లో ముప్పు లేదు గానీ దూరంగా సముద్రంలో వాయుగుండమో తుపానో ఉందని. అంటే ఆ రెండు నంబర్లూ ఒడ్డున ఉన్నవాడి కన్నా బయటికి వెళ్లేవాడికే ఎక్కువ ముఖ్యం. ఒకటి ఎగిరినా ఆగండి.

అలల ఎత్తును కూడా ఉన్నదున్నట్టు తీసుకోకండి. సూచనలో 2 మీటర్లు అని ఉంటే అది మొత్తం అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు ఎత్తు. అదే నీళ్లలో అప్పుడప్పుడు మూడున్నర, నాలుగు మీటర్ల అల కూడా లేస్తుంది. మా లెక్కలో ఫైబర్ పడవకు 1.5 మీటర్లు, మర బోటుకు 2.5 మీటర్లు హద్దు. "గంటకు 45–55 కి.మీ., అప్పుడప్పుడు 65 కి.మీ." అన్న మాట హెచ్చరికలో కనబడితే ఏ బోటూ దిగకూడదు.

మొగ దాటడం పోటు నీళ్ల మీదే పెట్టుకోండి. పాటు నీళ్లు బయటికి లాగుతుంటే, ఎదురుగా గాలి తోస్తుంటే, బయట ఒక మీటరున్న అల మొగలో నిటారుగా లేచి విరుగుతుంది. దాటేటప్పుడు అందరికీ జాకెట్లు, అన్ని మూతలూ బిగింపు.

2. జాకెట్లు ఎంచుకోండి, నీళ్లలో దిగి చూడండి

జాకెట్ మీద న్యూటన్లలో ఒక అంకె ఉంటుంది. 50 అంటే ఈత వచ్చి, స్పృహలో ఉండి, ఒడ్డుకు దగ్గరగా ఉన్నవాడికి సాయం మాత్రమే. 100 ప్రశాంతమైన నీళ్లకు. సముద్రానికి 150 కావాలి. స్పృహ తప్పినవాణ్ని వెల్లకిలా తిప్పి, నోరు నీటికి పైన ఉంచేది అదే. నదిలో షికారు పడవల కోసం చవగ్గా అమ్మేవి చాలావరకు మొదటి రకం.

ఫోమ్ రకమా, గాలితో ఉబ్బే రకమా? గాలాలు, వల ముళ్లు తిరిగే చోట ఫోమే నమ్మకం. ఉబ్బే రకం పల్చగా ఉంటుంది, పని చేసుకోవడానికి హాయిగా ఉంటుంది, కానీ చిన్న చిల్లు చాలు దాన్ని చంపడానికి. కొంటే మూడు నెలలకోసారి లోపలి గ్యాస్ సిలిండర్ విప్పి వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. సిలిండర్ మీద చెక్కిన మొత్తం బరువు కన్నా 2 గ్రాములు తగ్గితే మార్చేయాలి. 150 న్యూటన్ల జాకెట్‌లో గ్యాసే సాధారణంగా 33 గ్రాములు ఉంటుంది కాబట్టి ఆ 2 గ్రాములు చిన్న లెక్క కాదు.

సరిపోయిందో లేదో ఇలా చూడండి. జాకెట్ వేసుకుని చేతులు రెండూ పైకెత్తండి. వెనక నుంచి ఇంకొకరు భుజాల దగ్గర పట్టుకుని గట్టిగా పైకి లాగాలి. అది చెవుల దాకా జారితే నీళ్లలోనూ అంతే జారుతుంది, మీరు లోపలి నుంచి కిందికి దిగిపోతారు. తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది దీనికే. చాలామంది అడ్డంగా ఉందని దాన్ని కోసేస్తారు. మీ జాకెట్‌కు లేకపోతే 25 మి.మీ. నైలాన్ పట్టీ, బకిల్ కొని కుట్టించండి.

తర్వాత నీళ్లలో పరీక్ష. గుంటూరులోనో విజయవాడలోనో ఏదైనా ఈత కొలనులో, మామూలుగా డెక్కు మీద వేసుకునే బట్టలతోనే దూకాలి. శరీరం వదిలేసి కదలకుండా పడుకోండి. గడ్డం నీళ్ల పైన నిలబడితే పాస్. పాత ఫోమ్ జాకెట్లు నలిగి నలిగి తేలే గుణం కోల్పోతాయి. చేత్తో నొక్కితే మళ్లీ లేవని ఫోమ్ ఉన్నవి పక్కన పడేయండి. వాటిని దిండ్లుగా వాడటమే ఈ నష్టానికి సగం కారణం.

ఉక్కగా ఉంటుంది, వలకు తగులుకుంటుంది, అందుకే వేసుకోం అంటారు. నిజమే. రోజంతా వేసుకోమంటే ఎవరూ వేసుకోరు. అందుకే నాలుగు సందర్భాలు ఖాయం చేయండి: చీకటి పడ్డాక డెక్కు మీద ఉన్నంతసేపు, ఒంటరిగా ఉన్నప్పుడు, మొగ దాటేటప్పుడు, బోటు అంచున కూర్చుని ఒంటికో రెంటికో వెళ్లేటప్పుడు. ఈ చివరిది చెప్పుకోవడానికి మొహమాటపడతారు గానీ రాత్రిపూట మనిషి మాయమయ్యే తీరు ఇదే. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో తిరగబడిన పడవలో ప్రయాణికులు జాకెట్లు వేసుకుని లేరు. అది నది, కనుచూపు మేరలో ఒడ్డు ఉంది. సముద్రంలో ఆ ఒడ్డు కూడా ఉండదు.

3. నీళ్లు రాకుండా, వస్తే ఆపేలా

ఒక లెక్క చూడండి. నీటి మట్టానికి అర మీటరు కింద ఒకటిన్నర అంగుళాల పైపు ఊడిందనుకోండి. నిమిషానికి సుమారు 125 లీటర్లు లోపలికి వస్తాయి. గంటకు 2000 గ్యాలన్లు అని రాసున్న పంపు కాగితం మీద నిమిషానికి 126 లీటర్లు తోడాలి. కానీ పైపు ఎత్తు, వంపులు, తగ్గిన బ్యాటరీ వోల్టేజీ అన్నీ కలిసి అందులో దాదాపు మూడో వంతు మింగేస్తాయి. కాబట్టి ఒక్క పంపు ఆ ఒక్క రంధ్రంతో కూడా గెలవలేదు. పంపులు మీకు కాస్త సమయం మాత్రం కొనిపెడతాయి, ఆ సమయంలో రంధ్రం మూయాలి.

బిరడాలు మెత్తటి చెక్కతో గరిట పిడిలా ఒక పక్క సన్నగా చేయించండి. గట్టి టేకు వద్దు, మెత్తటిదైతే తడిసి ఉబ్బి పట్టుకుంటుంది. ప్రతి రంధ్రం పక్కనే దాని కొలత బిరడా తాడుతో కట్టి వేలాడాలి. అన్నీ ఒక సంచిలో వేసి పెడితే నీళ్లలో తడుముకుంటూ కొలత వెతుక్కోవాల్సి వస్తుంది. చెక్క పలక పగిలి బీట వచ్చిన చోట బిరడా పట్టదు. ట్యూబు రబ్బరు పెట్టి, పైన పలక వేసి, ఎదురు కర్రతో తన్ని పెట్టండి. బయటి నుంచి టార్పాలిన్ జార్చి నాలుగు మూలలా లాగి కట్టినా వచ్చే నీళ్లు చాలా తగ్గుతాయి.

పంపు పరీక్ష ఇలా: ఒడ్డున ఉండగానే అడుగు భాగంలో 100 లీటర్లు కొలిచి పోయండి. ఇంజన్ ఆపి, బ్యాటరీ మీదే పంపు వేసి, ఎంతసేపట్లో తోడిందో చూడండి. నిమిషంన్నర దాటితే జాలీలో చెత్తో, సన్నని వైరో, పట్టేసిన ఫ్లోట్ స్విచ్చో ఉన్నట్టు. వైర్ల అతుకులు టేపుతో చుట్టినవైతే ఉప్పునీటికి ఆరు నెలల్లో పచ్చబడిపోతాయి. కరిగి అతుక్కునే ష్రింక్ ట్యూబు వేయించండి.

ఇంకొకటి. పంపు, రేడియో రెండూ ఒకే బ్యాటరీ మీద, ఆ బ్యాటరీ ఇంజన్ గది అడుగున ఉంటుంది చాలా బోట్లలో. నీళ్లు ముందు ముంచేది దాన్నే. రేడియోకు వేరే బ్యాటరీ, సరంగు గదిలో నడుము ఎత్తులో పెట్టించండి. ఈ వ్యాసం చదివి బోటులో ఒక్క మార్పే చేస్తానంటే అది ఇదే చేయండి.

4. కబురు పంపే సాధనాలు

మొబైల్‌ను లెక్కలోకి తీసుకోకండి. ఒడ్డు కొంచెం దూరమవగానే సిగ్నల్ పోతుంది. సిగ్నల్ ఉన్నంతవరకు కోస్ట్‌గార్డ్ నంబరు 1554, తీర పోలీసు నంబరు 1093.

డాట్‌ను ఇస్రో తయారుచేసింది, 2010 నుంచి వాడుకలో ఉంది. బటన్ నొక్కితే మీరున్న చోటుతో పాటు ఆపద రకం ఉపగ్రహం ద్వారా కేంద్రానికి, అక్కడి నుంచి కోస్ట్‌గార్డ్‌కు చేరుతుంది. పాత రకంలో కబురు చేరిందో లేదో మీకు తెలియదు. 2024 జనవరిలో వచ్చిన రెండో తరం సెట్టులో కేంద్రం నుంచి తిరుగు సమాచారం వస్తుంది, బ్లూటూత్‌తో ఫోన్‌కు కలపొచ్చు. పాతది ఉన్నవాళ్లు మార్చుకునే వీలుంటే మార్చుకోండి. కబురు చేరిందని తెలిస్తే జనం బోటు వదిలి ఈదాలని చూడరు, అది ప్రాణాలు కాపాడుతుంది.

డాట్ విషయంలో తప్పులు మూడు. ఒకటి, తలుపు వేసిన గదిలోనో, ఇనుప కప్పు కిందో పెట్టడం. ఆకాశం కనిపించాలి. రెండు, బోటు అమ్మేశాక రిజిస్ట్రేషన్‌లో పాత యజమాని ఫోన్ నంబరే ఉండిపోవడం. కంట్రోల్ రూము మొదట ఫోన్ చేసేది ఆ నంబరుకే. మూడు, బటన్లు సరంగు ఒక్కడికే తెలిసి ఉండటం. నీళ్లలో పడింది సరంగే అయితే? ఒక్కో బటన్ పక్కన తెలుగులో పెయింట్‌తో రాయండి.

వీహెచ్‌ఎఫ్‌లో ఆపద చానల్ 16. యాంటెనా ఎత్తును బట్టే దూరం. రెండు బోట్ల మీద 4 మీటర్ల ఎత్తు యాంటెనాలుంటే సుమారు 16 కి.మీ. వినబడుతుంది. కూర్చుని చేతి సెట్టులో మాట్లాడితే అంత దూరం రాదు, అందుకే నిలబడి మాట్లాడండి. ఈ మాటలు ("మేడే" అంటే రేడియోలో ఆపద పిలుపు) ఒక అట్ట మీద రాసి సెట్టు పక్కన అంటించండి:

"మేడే, మేడే, మేడే. ఇది (బోటు పేరు మూడుసార్లు). మేమున్న చోటు 15 డిగ్రీల 30 నిమిషాలు ఉత్తరం, 80 డిగ్రీల 50 నిమిషాలు తూర్పు. బోటులోకి నీళ్లు వస్తున్నాయి. ఎనిమిది మందిమి. జాకెట్లు ఉన్నాయి. ఓవర్."

బటన్ వదిలి వినండి. జవాబు రాకపోతే మళ్లీ చెప్పండి. బటన్ నొక్కిపట్టే ఉంచి, ఎవరూ పలకడం లేదని కంగారుపడేవాళ్లు చాలామంది.

చోటు చెప్పేటప్పుడు జీపీఎస్ ఏ పద్ధతిలో చూపిస్తోందో ముందే తెలుసుకోవాలి. తెర మీద 15.30 అని దశాంశంలో ఉంటే అది 15 డిగ్రీల 18 నిమిషాలు. దాన్ని "15 డిగ్రీల 30 నిమిషాలు" అని చదివితే 12 నిమిషాలు, అంటే 22 కి.మీ. అవతల వెతుకుతారు. సెట్టింగ్‌ను డిగ్రీలు, నిమిషాలకు మార్చి అలాగే ఉంచండి.

ఈపీఐఆర్‌బీ ఉన్నవాళ్లు దాన్ని గోడకు బిగించే హైడ్రోస్టాటిక్ రిలీజ్ తేదీ చూడండి. రెండేళ్లకోసారి మార్చాలి. బోటు మునిగాక ఒకటిన్నర నుంచి నాలుగు మీటర్ల లోతులో అదే తెగి సెట్టును పైకి వదులుతుంది. దొంగతనం భయంతో దాని మీద అదనంగా నైలాన్ తాడు చుట్టారో, సెట్టు బోటుతో పాటే అడుక్కి పోతుంది. పరీక్షకు సెల్ఫ్ టెస్ట్ మీట ఒక్కటే వాడండి. నిజంగా ఆన్ చేస్తే అది నిజమైన ఆపద కబురుగానే వెళ్తుంది.

5. రాకెట్లు, ఫ్లేర్లు

పారాచూట్ రాకెట్ 300 మీటర్ల ఎత్తుకు వెళ్లి 40 సెకన్లు వెలుగుతుంది. చేతి ఫ్లేర్ ఒక నిమిషం. పొగ డబ్బా మూడు నిమిషాలు, పగలు మాత్రమే. బోటు ఆపదలో పడగానే అన్నీ వరసగా కాల్చేసి, గంట తర్వాత ఓడ కనబడినప్పుడు చేతిలో ఏమీ లేకపోవడమే పెద్ద తప్పు.

- రాకెట్: దూరంగా ఓడ దీపమో, విమానమో, ఒడ్డు దీపాలో కనిపిస్తేనే. ఒకటి కాల్చి, నిమిషం ఆగి రెండోది. మొదటిది చూసినవాడు "ఏమిటది" అనుకుంటాడు, రెండోదానితో దిక్కు పట్టుకుంటాడు.
- చేతి ఫ్లేర్: వెతికేవాళ్లు నాలుగైదు కిలోమీటర్ల లోపు వచ్చాక. గాలి పోయే వైపు, బోటు అంచు బయటికి చేయి చాచి, కాస్త వంచి పట్టండి. దాని వంక చూడొద్దు, కళ్లు చెదిరి చీకట్లో ఏమీ కనబడదు.
- పొగ: హెలికాప్టర్ వస్తుంటే గాలి పోయే వైపు నీళ్లలో వేయండి.

రాకెట్‌ను నిటారుగా పట్టాలి. మబ్బు బాగా కిందికి ఉంటే గాలి పోయే వైపు 45 డిగ్రీలు వంచండి, లేకపోతే వెలుగంతా మబ్బు పైనే ఉండిపోతుంది. పేలకపోతే మొహం దగ్గరకు తెచ్చి చూడకండి. అలాగే బయటికి పట్టుకుని కాసేపు ఆగి, నీళ్లలో వేసేయండి.

వీటి గడువు సాధారణంగా తయారైన తేదీ నుంచి మూడేళ్లు. ఒక్కో కంపెనీ మీట ఒక్కో రకంగా ఉంటుంది, కొన్నది ఇంటికి రాగానే దాని మీది బొమ్మలు అందరికీ చూపించండి. దీపావళి రాకెట్లు దీనికి పనికిరావు. అవి ఎర్రగా నిలిచి వెలగవు, చూసినవాళ్లు పండగ అనుకుంటారు.

6. ఓడలు

15 నాట్ల వేగంతో వచ్చే ఓడ అంటే గంటకు 28 కి.మీ. అయిదు కిలోమీటర్ల దూరంలో దీపం కనబడితే పదకొండు నిమిషాల్లోపు మీ మీద ఉంటుంది. వల వేసి లంగరులో పడుకున్న బోటును అది రాడార్‌లో చూడాలి. కర్ర, ఫైబర్ బోట్లు రాడార్‌కు సరిగా కనబడవు. ఎనిమిది మూలల రేకు రిఫ్లెక్టర్ కొని, మొన కిందికి కాకుండా వాన నీళ్లు పట్టే గిన్నెలా పైకి తెరుచుకునేలా, కనీసం 4 మీటర్ల ఎత్తున కట్టండి. కొయ్యకు వేలాడే డబ్బాలతో పని జరగదు. ఒకరు మేలుకుని ఉండాలి, దీపం తెల్లవార్లూ వెలగాలి.

7. నిప్పు, గ్యాస్, చేపల గది

వంట గ్యాస్ గాలి కన్నా బరువు. కారితే ఇంజన్ అడుగుకు దిగి, స్టార్టర్ నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. సిలిండర్ డెక్కు మీదే ఉండాలి, వంట అయ్యాక రెగ్యులేటర్ ఆపేయాలి, వారానికోసారి ట్యూబు మీద సబ్బు నురగ పూసి బుడగలు చూడాలి. ఫైర్ సిలిండర్‌ను పొయ్యి పక్కన బిగించొద్దు, మంట దాటి చేయి పెట్టాల్సి వస్తుంది. తలుపు బయట పెట్టండి. పొడి అడుగున గడ్డకట్టకుండా నెలకోసారి తలకిందులు చేసి ఊపండి.

చేపల గదిలో కుళ్లిన చేప నుంచి వచ్చే గాలి మనిషిని నిలువునా కూల్చేస్తుంది. ఎక్కువైతే ముక్కు ఆ వాసనే పసిగట్టలేదు. పడిపోయినవాణ్ని తీయడానికి దిగిన రెండో మనిషి, మూడో మనిషి కూడా పోతారు. అందుకే మూత తెరిచి అరగంట గాలి ఆడనివ్వండి. దిగేవాడి నడుముకు తాడు, పైన ఇద్దరు. వాడు పడిపోతే దిగకండి, తాడుతో లాగండి.

8. మనిషి పడితే: చేసి చూడాల్సిన పని

గంటకు 8 కి.మీ. నడిచే బోటు అర నిమిషంలో 65 మీటర్లు పైనే పోతుంది. అలల్లో తలకాయ 100 మీటర్ల అవతల కనబడదు. కాబట్టి వరస ఇది:

చూసినవాడు గట్టిగా "మనిషి! ఎడమ!" అనో "కుడి!" అనో అరవాలి. చేతికి అందిన రింగు వెంటనే విసరాలి, వెనకే ఖాళీ డబ్బాలు, బుడ్డలు, తేలేది ఏదైనా. ఒకడు వేలు చూపిస్తూ నిలబడాలి, ఇంకే పనీ చేయకూడదు, కళ్లు తిప్పకూడదు. సరంగు జీపీఎస్‌లో చోటు గుర్తు పెట్టి, పడిన వైపే చుక్కాని తిప్పాలి, అప్పుడు బోటు కింది ఫ్యాను (ప్రొపెల్లర్) అతనికి దూరం జరుగుతుంది. దగ్గరకు రాగానే ఇంజన్ న్యూట్రల్.

పైకి తీయడం అందరూ మరిచిపోయే భాగం. తడి బట్టల మనిషిని బోటు అంచు మీదికి ఇద్దరు లాగలేరు. మీ దగ్గర వల ఉంది కదా. మూడు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు గట్టి వల ముక్కను ఒక అంచు బోటుకు కట్టి, రెండో అంచు నీళ్లలోకి వదలండి. మనిషిని అందులోకి పొడుగ్గా చేర్చి, బయటి అంచు పైకి లాగితే చాప చుట్టినట్టు దొర్లుకుంటూ పైకి వస్తాడు. ఎక్కువసేపు నీళ్లలో ఉన్నవాణ్ని నిలబెట్టకండి, పడుకోబెట్టే ఉంచండి. నీళ్లు మింగినవాడు బాగానే ఉన్నానన్నా ఆస్పత్రిలో చూపించాలి.

ఒడ్డు దగ్గర జాకెట్ తొడిగిన 20 లీటర్ల నీళ్ల డబ్బాను పడేసి ఇది ఆరుసార్లు చేయండి, రెండుసార్లు రాత్రిపూట. నాలుగు నిమిషాల్లో డబ్బా డెక్కు మీదికి రావాలి.

9. వదిలి వెళ్లే డ్రమ్ము

మూతకు ఇనుప బిగింపు రింగు ఉన్న నీలం డ్రమ్ము, 50–60 లీటర్లది కొనండి. అందులో చేతి వీహెచ్‌ఎఫ్, చేతి జీపీఎస్, టార్చి, సగం ఫ్లేర్లు, అద్దం, మందులు, ఓఆర్‌ఎస్, ఆధార్ నకళ్లు. పక్కనే ముప్పావు వంతు నింపిన నీళ్ల డబ్బాలు, రెండూ ఒకే తాడుకు. తేలుతుందో లేదో నీళ్లలో వేసి చూడండి, లోపల కాగితం పెట్టి తడిసిందో లేదో చూడండి. బోటు తేలుతున్నంతసేపు బోటును వదలొద్దు. తిరగబడినా దాన్నే పట్టుకుని ఉండండి, పై నుంచి వెతికేవాళ్లకు తలకాయ కన్నా బోటు ముందు కనబడుతుంది.

మందుల్లో ఒక్క మాట. వలలో వచ్చే సముద్రపు పాము కరిస్తే నొప్పి ఉండకపోవచ్చు, కొన్ని గంటలకు కండరాలు పట్టేసి మూత్రం నల్లబడుతుంది. కోయడం, నోటితో పీల్చడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా కట్టి, వేట ఆపి ఒడ్డుకు రండి.

10. ఎప్పుడెప్పుడు చూడాలి, ఒడ్డున ఏం వదలాలి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. అడుగు రంధ్రాలు, వైర్లు, ఫైర్ సిలిండర్లు, జాకెట్ల కొలను పరీక్ష, గడువు తేదీలు అన్నీ అప్పుడే. నెలకోసారి పంపు, వీహెచ్‌ఎఫ్, డాట్ ఛార్జింగ్. ప్రతి వేటకూ జాకెట్లు లెక్కపెట్టడం, టార్చిలు వేసి చూడటం.

చివరిగా ఒక కాగితం. బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, రంగు, ఎక్కిన ప్రతి ఒక్కరి పేరు, ఇంటి ఫోను, ఏ దిక్కుకు ఎంత దూరం వెళ్తున్నారు, డీజిల్, నీళ్లు ఎన్ని రోజులకున్నాయి, ఏ రోజు ఎన్ని గంటలకు తిరిగి వస్తారు. దాని కింద ఇంకో గంట రాయండి, అది దాటితే ఆగకుండా ఫోన్ చేయాల్సిన గంట. చదవడం వచ్చి ఇంట్లోనే ఉండే మనిషికి, భార్యకో కూతురికో, ఇచ్చి వెళ్లండి. ఆ గంట దాటగానే ముందు పక్క బోటువాళ్లను అడగడం, తర్వాత 1554. "ఇంకో పూట చూద్దాం" అనకూడదని వాళ్లకు గట్టిగా చెప్పండి. తిరిగొచ్చి ఒడ్డెక్కగానే మీరు చేయాల్సిన మొదటి ఫోను కూడా వాళ్లకే.